పంపు గేరుకు కొలత తీసిన రోజు

కొడకండ్లలో నాకొక చిన్న కుట్టు దుకాణం ఉంది. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుడతాను. మా ఆయనకు వరికోత మిషన్ ఉంది. ఒకరు వాడి వదిలేసిన దాన్ని కొని, సొంతంగా నడుపుతున్నాడు. కోతల కాలంలో ఆయన ఒక ఊళ్లో ఉంటే నేను మరో ఊళ్లో ఉంటాను. ఈ యాసంగిలో మాత్రం మిషన్ మీద ఉండే హెల్పర్‌కు జ్వరం తగిలి ఇంటికి వెళ్లిపోయాడు. కోతల్లో ఇంకొక మనిషి దొరకడం కష్టం. అందుకని దుకాణానికి తాళం వేసి నేనే వెంట వెళ్లాను. వంట చేయడం, గ్రీజు పెట్టడం, జాలీలో ఇరుక్కున్న గడ్డి గుంజడం నా పని. అప్పుడు మేము భూపాలపల్లి జిల్లా చిట్యాల వైపు కోస్తున్నాం.

ఒక పొద్దున మా ఆయన ఇంజన్‌లో ఆయిల్ చూసే పుల్ల బయటికి తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. వేలికి రాసుకొని వాసన చూశాడు. ముఖం మారిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఆయిల్ తగ్గాలె గని పెరుగుతదా? డీజిల్ వాసన వస్తున్నది."

నేనూ వాసన చూశాను. నిజమే. ఆయిల్ పలచగా, నీళ్లలా జారిపోతోంది. ఆయన వెంటనే మహబూబాబాద్‌లో ఉండే ఒక మెకానిక్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. పాత పరిచయం. ఆ మనిషి ఎక్కడో వేరే మిషన్ కింద పడుకొని మాట్లాడుతున్నట్టుంది, ఇనుము మోగుతోంది.

"డీజిల్ పంపుల సీలు పోయిందన్నా," అన్నాడు. "పంపు ఇరుసు కాడ సీలు పోతె డీజిల్ గేర్లల్లకెల్లి ఇంజన్‌లకు దిగుతది. నడపకు. నడిపినవంటె బేరింగులు పోతయ్. పంపు ఇప్పి సీలు ఏయించాలె."

"నువ్వు ఎప్పుడొస్తవ్?"

"ఈ వారంల నాతోని కాదు. యాడికాడ మిషన్లు ఆగి ఉన్నయ్. మీరే ఇప్పుండ్రి."

మా ఆయన పంపు వైపు చూశాడు. ఆయన భయం నాకు తెలుసు. కిందటేడు పెద్దవంగర దగ్గర ఇలాగే పంపు విప్పాల్సి వచ్చింది. అప్పుడు వచ్చిన వేరే మెకానిక్ నట్టు తీసి పంపును వెనక్కి గుంజేశాడు. ఆ పంపును తిప్పే గేరు ఇంజన్ ముందువైపు డబ్బాలాంటి చోట ఉంటుంది. పంపు ఇరుసు బయటికి రాగానే గేరుకు ఆధారం పోయి కిందికి జారింది. మళ్లీ ఎక్కించేటప్పుడు పక్క గేరుతో ఒక పన్ను తేడాగా కూర్చుంది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. సెల్ఫ్ కొడితే తెల్లటి పొగ, సుత్తెతో బాదినట్టు చప్పుడు. ఏ క్షణంలో డీజిల్ చిమ్మాలో ఆ క్షణంలో చిమ్మడం లేదని చివరికి తేలింది. ఇంజన్ ముందుభాగమంతా విప్పాల్సి వచ్చింది. ఆ సీజన్ మాకు పెద్దవంగరలోనే ముగిసిపోయింది.

కుట్టు మిషన్‌లో కూడా సూది కిందికి దిగిన క్షణానికి షటిల్ అక్కడికి రావాలి. రాకపోతే కుట్టు పడదు, సూది విరుగుతుంది. అందుకే ఆ సంగతి నాకు కిందటేడే తేలికగా అర్థమైంది.

ఫోన్‌లో మెకానిక్ మళ్లీ అందుకున్నాడు. "భయపడకన్నా. గేరును జారకుండ పట్టి పెట్టుకుంటె సాలు. ముందటి దిక్కు చిన్న మూత ఉంటది సూడు, గది ఇప్పు. గేరు ముఖం అవుపడుతది. దానికి రెండు తూట్లుంటయ్, మరలు చెక్కి ఉంటయ్. మూత జాగల ఒక ఇనుప పట్టీ బిగించి, దానిల నుంచి రెండు పొడుగు బోల్టులు గేరుకు ఎక్కియ్యాలె. అప్పుడు గేరు యాడికి పోదు. నడుమ ఇంకో బోల్టు పెట్టి ఇరుసును ఎనుకకు నూకితె పంపు దానంతట అదే ఊడుతది."

"ఆ పట్టీ యాడ దొరుకుతది?"

"యాడ దొరకది. చేయించుకోవాలె. తూట్లు సరిగ్గ రావాలె అంతే."

ఫోన్ పెట్టేశాక మా ఆయన చాలాసేపు గట్టు మీద కూర్చున్నాడు. నాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. తూట్లు సరిగ్గా రావాలన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. తూట్లు సరిగ్గా రావాలంటే కొలత సరిగ్గా తీయాలి. కొలత తీయడం నేను రోజూ చేసే పనే కదా.

"నేను కాయితం మీద తీస్త," అన్నాను.

"ఏంది తీసేది?"

"కొలత. జాకిట్‌కు తీసినట్టే."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. లేచి పానాల సంచి తెచ్చాడు.

ముందు ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పి, బెల్టు తిరిగే కప్పీ మీద ఉన్న గుర్తును దాని ఎదుటి గీతకు తెచ్చి ఆపాడు. తర్వాత బ్యాటరీ వైరు ఊడదీశాడు. పంపు అంచు మీద, ఇంజన్ మీద కలిసేలా ఉలితో ఒక్క గీత గీశాడు. అప్పుడు ముందటి మూత విప్పాడు. నేను నిచ్చెన మీద నిలబడి లోపలికి టార్చి వేశాను. నల్లటి నూనెలో మెరుస్తూ పంపు గేరు, దాన్ని ఆనుకొని ఇంకొక గేరు. వాటి పళ్లు ఒకదానిలో ఒకటి దిగి ఉన్నాయి. అన్నేళ్లుగా ఆ మిషన్ సంపాదన తింటూ దాని లోపల ఏముందో నేను చూడలేదు. ఇంకాస్త ముందుకు వంగి చూశాను.

"రెండు గేర్లు యాడ కలిసినయో అక్కడ రంగు పెట్టుకోవాలె," అన్నాడు మా ఆయన. "పన్ను తప్పితె తెలుస్తది."

రంగు ఎక్కడుంది? నేను గుడ్డ మీద గీసే సుద్ద నూనె మీద నిలవదు. ఆ పొలం రైతు ఇల్లు దగ్గర్లోనే ఉంది. పరుగున వెళ్లి వాళ్ల కోడలిని గోళ్ల రంగు అడిగాను. ఆ పిల్ల నా చేతులకంటుకున్న గ్రీజు చూసి, "ఇప్పుడు పెట్టుకుంటవా అక్కా?" అంది. సంగతి చెప్పగానే ఎర్రటి సీసా తెచ్చి, తనూ నా వెంట పొలానికి వచ్చింది. పళ్లను పెట్రోలు గుడ్డతో తుడిచి, ఒక గేరు పన్ను మీద ఒక చుక్క, ఆ పన్ను దిగిన సందుకు అటూ ఇటూ రెండు చుక్కలు పెట్టాను. ఆరేదాకా ఆ పిల్ల నోటితో ఊదింది.

ఇక కొలత. గేరు మూత కంటే రెండు వేళ్లు లోపలికి ఉంది. కాగితాన్ని మూత అంచు మీద పెడితే గేరు తూట్లు అందవు.  మా ఆయన్ను రెండు పొడుగు బోల్టులు అడిగాను. డబ్బాలో వెతికితే గేరు తూట్లకు సరిపోయేవి దొరికాయి. వాటిని చేత్తోనే గేరుకు తిప్పి ఎక్కించాను. వాటి చివరలు మూత అంచుదాకా బయటికి వచ్చాయి. ఆ చివరలకు గ్రీజు రాశాను. పాత పేపరు మడత పెట్టి అంచు మీద పరిచి, మూత బోల్టులుండే చోట్ల బొటనవేలితో గట్టిగా నొక్కాను. ఆ తూట్ల అంచులు కాగితం మీద ఉంగరాల్లా పడ్డాయి. మధ్యలో రెండు నల్లటి చుక్కలు పడ్డాయి. ఆ రెండు చుక్కల నట్టనడుమ ఇరుసు ఉంటుంది. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టాను.

కాగితం వెలుతురుకు పట్టి చూస్తే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మంచి గుడ్డ మీద మొదటి కత్తెర వేసినప్పుడు కూడా అంత సంతోషం ఉండదు.

చిట్యాలలో రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు ఉంది. మేమిద్దరం బండి మీద వెళ్లాం. వెల్డింగ్ ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఎవలు గీసిండ్రు?" అన్నాడు.

"నేనే అన్నా. ఎంటిక మందం గూడ తేడా రావద్దు."

"రాదులే అక్కా."

మందపాటి పట్టీ కోసి, తూట్లు వేసి, నడిమి తూటు మీద ఒక నట్టు వెల్డింగ్ చేసి ఇచ్చాడు. వేడి తగ్గకముందే తడిగుడ్డలో చుట్టుకొని పొలానికి తెచ్చాం. మూత చోట పెట్టి చూస్తే మూత బోల్టులే కూర్చోవడం లేదు. ఒకటి కూర్చుంటే ఒకటి పక్కకు పోతోంది. మా ఆయన పట్టీని కింద పడేశాడు. "అయిపాయె. పొద్దుగూకేదాక గిదే పని," అన్నాడు.

నాకు మాత్రం ఆ తప్పు ఎక్కడో చూసినట్టే అనిపించింది. నా దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలందరూ మొదట్లో ఈ తప్పు చేసినవాళ్లే. గుడ్డను బోర్లా వేసి కత్తిరిస్తే రెండు చేతులూ ఎడమ చేతులే వస్తాయి. వెల్డింగ్ ఆయన కాగితాన్ని బోర్లించి పెట్టుకొని తూట్లు వేశాడు. పట్టీ తీసుకొని తిరగేసి పెట్టాను. అన్ని తూట్లూ ఎదురెదురుగా వచ్చాయి. వెల్డింగ్ చేసిన నట్టు లోపలివైపుకు పోయింది, అంతే.

"నట్టు తగుల్తదేమో," అన్నాడు మా ఆయన.

"లోపల రెండు వేళ్ల జాగుంది. తగలది."

టార్చి వేసి చూసి తల ఊపాడు. నావైపు చూసి ఈసారి నవ్వాడు.

పట్టీ మళ్లీ తీసి పక్కన పెట్టి, ముందు ఇరుసు మీది నట్టు విప్పాలి. ఆ నట్టు గానీ, దాని వాషర్ గానీ లోపలికి జారిపడితే ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ విప్పాల్సిందే. ఆ సందులో మా ఆయన చెయ్యి పట్టదు. నేను గాజులు తీసి కోడలిపిల్ల చేతికిచ్చి, నా చెయ్యి పెట్టాను. ముందు పాత లంగా గుడ్డను ముద్ద చేసి గేరు కింద కుక్కాను. ఆయన పొడుగు పానాతో నట్టును వదులు చేశాడు, నేను వేళ్లతో తిప్పి తీశాను. వాషర్ నిజంగానే జారింది. గుడ్డలో పడింది. ముగ్గురమూ ఒక్కసారి ఊపిరి వదిలాం.

పట్టీ బిగించాం. రెండు బోల్టులు గేరుకు ఎక్కించి, పట్టీకి రెండువైపులా నట్లు వేసి బిగించాం. గేరును చేత్తో కదిపి చూశాను. గోడను కదిపినట్టుంది. మా ఆయన పంపు పైపులు ఊడదీసి, వాటి మూతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టి, పంపు నట్లు తీశాడు. పంపు పక్కన చేతులు ఆనించి నిలబడి, "ఇగ తిప్పు," అన్నాడు.

నడిమి బోల్టు నేను తిప్పాను. మొదట తేలికగా తిరిగింది. తర్వాత బిగిసింది. రెండు చేతులతో పానా పట్టుకొని ఒరిగాను. టక్‌మని ఒక చప్పుడు వచ్చింది.

"వచ్చింది," అన్నాడు మా ఆయన. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. పంపు ఆయన చేతుల్లోకి వచ్చేసింది. గేరును ఇరుసుకు పట్టి ఉంచే, గాడిలోని చిన్న ఇనుప బిళ్లలాంటి కీ కూడా పడిపోకుండా దానితోనే వచ్చింది. నేను గబగబా టార్చి వేసి పట్టీ పక్క సందులోంచి చూశాను. ఎర్రచుక్క రెండు ఎర్రచుక్కల మధ్యనే ఉంది.

పంపును గోనెసంచిలో కట్టుకొని మా ఆయన బండి మీద జనగామ బయలుదేరాడు. అక్కడ మాకు తెలిసిన పంపుల దుకాణం ఉంది. వెళ్తూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు: "ఎవలనూ ముట్టనియ్యకు. గేరు కట్టేసి ఉంది. ఇప్పుడు ఇంజన్ ఒక్క ఇసుమంత తిరిగినా పళ్లు ఇరుగుతయ్."

ఆ రాత్రి రైతు ఇంట్లోనే పడుకున్నాను. తెల్లవారి పొలానికి వెళ్లేసరికి మిషన్ ముందు ఒక ట్రాక్టర్ నిలబడి ఉంది. దాని వెనుక గొలుసు. రైతు, ట్రాక్టర్ నడిపే మనిషి ఆ గొలుసును మా మిషన్‌కు తగిలిస్తున్నారు. నేను దూరం నుంచే చేతులు ఊపుతూ పరుగెత్తాను. చీర కుచ్చెళ్లు కాళ్లకు పడుతున్నాయి.

"బాపూ, ఆగుండ్రి. గుంజకుండ్రి."

రైతు పెద్దమనిషి. ఆశ్చర్యంగా చూశాడు. "ఏందమ్మా? వడ్లు కొనుగోలు సెంటర్‌కు పోవాలె. మీ మిషన్ బాటకు అడ్డమున్నది. జర పక్కకు గుంజి పెడ్తం."

"గుంజితె ఇంజన్ తిరుగుతదేమో బాపూ. లోపల గేరు కట్టేసి ఉంది. తిరిగితె ఇరుగుతది."

"న్యూట్రల్ల ఉంటె ఎట్ల తిరుగుతదక్కా?" అన్నాడు ట్రాక్టర్ మనిషి.

ఆ మాటా నిజమే. కానీ న్యూట్రల్‌లో ఉందో లేదో నాకు ఖాయంగా తెలియదు. మా ఆయనకు ఫోన్ చేస్తే కలవలేదు. మళ్లీ చేశాను, కలవలేదు. నేను వెళ్లి మిషన్ మెట్టు మీద కూర్చున్నాను.

"మా ఆయనతోని మాట్లాడేదాక నేను ఒప్పుకోను బాపూ. మీ వడ్లు ఆగనియ్యను. ఈ గట్టు తెంపి ఇట్లకెల్లి బాట చేద్దాం. మళ్ల నేనే పోసిస్త."

ఆయన గట్టు వైపు, నా వైపు చూశాడు. నాకు అప్పుడు ఏడుపు కూడా వచ్చేలా ఉంది, మొండితనం కూడా వచ్చేలా ఉంది. కోడలిపిల్ల పార పట్టుకొని రావడం చూశాక ఆయన మెత్తబడ్డాడు.

"సరే బిడ్డా. నీ మిషన్ నీకు తెలుస్తది. పార తేండ్రి," అన్నాడు.

గట్టు ఎండి గట్టిగా ఉంది. ట్రాక్టర్ మనిషి తవ్వాడు, నేను మట్టి ఎత్తి పోశాను, కోడలిపిల్ల గడ్డిమోపులు తెచ్చి గట్టు పక్కనున్న పిల్లకాలువలో పరిచింది. చెమటలు కారుతున్నా ఎవరికీ విసుగు రాలేదు. ట్రాక్టర్ ఒకవైపు ఒరిగి, ఒక్క ఊపులో అవతలికి ఎక్కినప్పుడు రైతు కూడా చేతులు తట్టాడు. ఆ తర్వాత మా ఆయన ఫోన్ కలిసింది. జరిగింది చెప్పాను.

"గేర్లనే ఉండె," అన్నాడు. "మిషన్ జరగకుండ పోయేటప్పుడు నేనే ఏసిన. గుంజితే పోతుండె."

 అక్కడే గట్టు మట్టి మీద కూర్చుండిపోయాను. రైతుకు ఆ మాట చెబితే, తల మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకొని, "మంచిగాపినవు తల్లీ," అన్నాడు.

మధ్యాహ్నం దాటాక మా ఆయన వచ్చాడు. పంపుకు కొత్త సీలు పడింది. అన్నం కూడా తినకుండా పనిలో దిగాం. నడిమి బోల్టును ముందే పూర్తిగా వెనక్కి తిప్పి తీశాను. ఇరుసును చేత్తో తిప్పి కీ పైకి వచ్చేలా చేసుకొని ఆయన పంపును మెల్లగా లోపలికి తోశాడు. నేను పట్టీ సందులోంచి టార్చితో చూస్తూ చెప్పాను.

"జర నీ దిక్కు తిప్పు. ఇంకొంచెం. ఆగు. ఇగ నూకు."

గేరు గాడిలోకి కీ దూరిపోయింది. పంపు అంచు మీది ఉలి గీత, ఇంజన్ మీది గీత ఒకటే గీతగా కలిశాయి. పంపు నట్లు బిగించాక పట్టీ తీశాం. గుడ్డ కింద పెట్టుకొని వాషర్, నట్టు వేళ్లతోనే ఎక్కించాను, ఆయన బిగించాడు. గుడ్డ బయటికి తీశాను. ఎర్రచుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. మూత వేశాం. డీజిల్ కలిసిన పాత ఆయిల్ దించి కొత్తది పోశాం. గేరు న్యూట్రల్‌కు తెచ్చి, ఇంజన్‌ను చేత్తో తిప్పి ఎక్కడా పట్టడం లేదని చూసుకున్నాకే బ్యాటరీ వైరు తగిలించాడు.

సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ తిరిగింది కానీ అందుకోలేదు.  "గాలి ఉన్నది, గాలి," అంటూ ఆయన పైపు నట్లు వదులు చేశాడు. నేను డీజిల్ ఎక్కించే చేతిపంపు కొట్టాను. నురుగు, బుడగలు, తర్వాత బుడగలు లేని డీజిల్. నట్లు బిగించి మళ్లీ సెల్ఫ్ కొట్టాడు. ఒక్కసారి దగ్గింది. నల్లటి పొగ ఒక ముద్ద వదిలింది. ఆ తర్వాత ఒకటే శబ్దం, సమంగా, ఎక్కడా తడబడకుండా. తెల్లపొగ లేదు, కొట్టుకునే చప్పుడు లేదు.

మా ఆయన క్యాబిన్‌లోంచి నన్ను చూసి ఏదో అన్నాడు. చప్పుడులో వినపడలేదు. "ఏందీ?" అని అరిచాను. మళ్లీ ఏదో అన్నాడు, మళ్లీ వినపడలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. కోడలిపిల్ల నా గాజులు నా చేతికి తొడిగింది. పొద్దు వాలేలోపు ఆ మడి సగం కోశాం. మర్నాడు మిగతాది పూర్తిచేసి, మాటిచ్చినట్టే గట్టు మళ్లీ పోసి వచ్చాను.

ఆ వారమే హెల్పర్ తిరిగి వచ్చాడు. నేను కొడకండ్ల బస్సెక్కాను. దుకాణం షట్టర్ ఎత్తగానే ఒక అక్క వచ్చింది, పెళ్లికి జాకెట్టు కుట్టించుకోవాలని. టేపు చేతిలోకి తీసుకున్నాను. నా గోళ్ల కింద నలుపు చూసి, "గదేందే, చేతులు గట్లయినయి?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. సీలు పోవడం, కాగితం మీద గ్రీజు చుక్కలు, బోర్లాపడ్డ పట్టీ, టక్‌మన్న చప్పుడు. గేరు ఎలా నిలబడిందో ఆమె భుజం పట్టుకొని మరీ చూపించాను. ఆమె నోరు తెరుచుకొని విన్నది. ట్రాక్టర్ గొలుసు దగ్గరికి వచ్చేసరికి, "మరి ఆపినవా?" అని తనే తొందరపెట్టింది. అంతా విన్నాక బ్లౌజు గుడ్డ నా ముందుకు తోసి అంది, "మంచిగున్నది గని, ఇగ నా కొలతలు తీస్కో. బస్సుకు పోవాలె."